స్టీవీ నిక్స్ "క్రిస్టల్ విజన్స్": ఒక్క సంకలనంతో ఆమె మొత్తం దొరుకుతుందా?

స్వరఝరి
ఈ మధ్య అమెరికన్ రాక్ గాయని స్టీవీ నిక్స్ "క్రిస్టల్ విజన్స్" మళ్ళీ మళ్ళీ వింటున్నాను, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2007లో వచ్చిన సంకలనం, 16 పాటలు, ఒక ఎడిషన్‌తో పాటు ఆమె వీడియోల డీవీడీ కూడా ఇచ్చారు. ఆమె సంకలనాలు అంతకుముందే రెండు ఉన్నాయి కదా, 1991లో "టైమ్‌స్పేస్", 1998లో మూడు డిస్కుల "ఎన్‌చాంటెడ్". అయినా నా ఓటు దీనికే. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్‌లో ఆమె రాసిన పాటలూ, సొంతంగా చేసిన పాటలూ ఒకే చోట పక్కపక్కన వినిపించే సింగిల్ డిస్క్ ఇదే. "టైమ్‌స్పేస్"లో బ్యాండ్ పాట ఒక్కటి కూడా లేదు. రియానన్, ల్యాండ్‌స్లైడ్, డ్రీమ్స్ లేకుండా స్టీవీ నిక్స్ అంటే ఎవరో కొత్తవాళ్ళకి ఎలా చెప్తాం?

ఇబ్బందులూ ఉన్నాయి. పాటలు కాలక్రమంలో లేవు, కొన్నిటికి స్టూడియో రికార్డింగ్ బదులు లైవ్ పెట్టారు, డ్రీమ్స్ అయితే ఏకంగా రీమిక్స్. మీరేమంటారు? 50 ఏళ్ళ పైగా పాడుతున్న మనిషికి ఎలాంటి సంకలనం న్యాయం చేస్తుంది?

పాతరికార్డు
నా ఓటు "టైమ్‌స్పేస్"కే, ఎప్పటికీ. కారణం పాటలకన్నా లోపలి బుక్‌లెట్. ఒక్కో పాట ఎలా పుట్టిందో ఆవిడే స్వయంగా రాసుకొచ్చింది. రికార్డ్ కంపెనీ వాళ్ళు ఎవరో జర్నలిస్టు చేత రాయించే పొగడ్తల వ్యాసం కాదది, డైరీ చదువుతున్నట్టు ఉంటుంది.

ఒక్కటి చెప్తాను. "హ్యాజ్ ఎనీవన్ ఎవర్ రిటెన్ ఎనీథింగ్ ఫర్ యు" పాట 1985 ఆల్బమ్ "రాక్ ఎ లిటిల్" చివర్లో వస్తుంది. మామూలుగా వింటే ప్రేమగీతమే అనుకుంటాం. అసలు కథ వేరు. ఆ రోజుల్లో ఆమె ఈగల్స్ గిటారిస్టు జో వాల్ష్‌తో ఉండేది. కొలరాడోలో ఒకసారి ఆయన ఆమెని కారులో బౌల్డర్‌లోని ఒక పార్కుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక చిన్న మంచినీళ్ళ ఫౌంటెన్ ఉంది, పిల్లలకి అందేంత ఎత్తులో. చిన్నప్పుడే కారు ప్రమాదంలో పోయిన తన కూతురి జ్ఞాపకంగా ఆయనే పెట్టించాడు. ఆ పాప ఆ పార్కుకి వచ్చినప్పుడల్లా నీళ్ళ పంపు అందక అవస్థ పడేదట. స్టీవీ ఇంటికొచ్చి రాసిన పాట అది. ఇది తెలిశాక అదే పాట వినండి, పియానో మీద ఆమె గొంతు ఎందుకంత నెమ్మదిగా అడుగులేస్తుందో అర్థమవుతుంది.

"టైమ్‌స్పేస్"లో నాకు నచ్చనివీ ఉన్నాయి. అప్పట్లో సంకలనం అమ్మాలంటే కొత్త పాటలు కొన్ని కలపాలని రూల్ ఉన్నట్టుండేది. జాన్ బాన్ జోవీ చేతి పాట ఒకటి, పాయిజన్ బ్యాండ్ బ్రెట్ మైకేల్స్‌ది ఒకటి అందులో చేరాయి. రెండూ ఆమెకి అతకలేదు. మొదటి ట్రాకే బాన్ జోవీ పాట కావడం ఇంకా అన్యాయం.

గిటార్‌తీగ
ఎడ్జ్ ఆఫ్ సెవెంటీన్ మూడు సంకలనాల్లోనూ ఉంది, ఉండాలి కూడా. గిటారిస్టు వాడీ వాక్టెల్ వాయించిన ఆ రిఫ్ (మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటార్ ముక్క) విన్నారా, ఒకే తీగ మీద పదహారో నోట్లు, అరచేతి అంచుతో తీగని నొక్కిపెట్టి ఆగకుండా టకటకా కొడుతూ పోవడం. వినడానికి సులువు, నాలుగు నిమిషాలు అదే వేగంతో చెయ్యి తడబడకుండా వాయించి చూడండి, మణికట్టు పట్టేస్తుంది. ఆ కదలిక మీదే పాట మొత్తం నిలబడుతుంది.

"క్రిస్టల్ విజన్స్" మొదటి ట్రాక్ స్టూడియో వెర్షన్, చివరి ట్రాక్ అదే పాట మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో లైవ్. ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి, పాట అదే, గొంతు వేరు.

నీలిమేఘం
నేను కొత్తదాన్ని, తప్పుగా అనుకోకండి. 2020లో ఒకతను స్కేట్‌బోర్డు మీద జ్యూస్ తాగుతూ వెళ్ళే వీడియో వైరల్ అయింది కదా, అందులో డ్రీమ్స్ విని వెతుక్కుంటూ వచ్చాను. ఆ పాట 1977ది అంటే నమ్మలేకపోయాను. ఇప్పుడు "క్రిస్టల్ విజన్స్" వింటున్నాను. అందరూ సిల్వర్ స్ప్రింగ్స్ అనగానే ఎందుకంత ఉద్వేగపడతారు? బాగుంది, కానీ ఏదో పెద్ద కథ ఉన్నట్టుంది. ఎవరైనా చెప్తారా?

స్వరఝరి
నీలిమేఘం గారూ, మంచి ప్రశ్న అడిగారు. ఆమె సంకలనాల చరిత్ర మొత్తం ఆ ఒక్క పాట చుట్టూనే తిరుగుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

1976. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ "రూమర్స్" ఆల్బమ్ రికార్డ్ చేస్తోంది. స్టీవీ, గిటారిస్టు లిండ్సే బకింగ్‌హామ్ అప్పుడే విడిపోయారు, అయినా రోజూ ఒకే స్టూడియోలో పక్కపక్కన కూర్చోవాలి. ఆయన ఆమె మీద "గో యువర్ ఓన్ వే" రాస్తే, ఆమె ఆయన మీద సిల్వర్ స్ప్రింగ్స్ రాసింది. మేరీల్యాండ్‌లో హైవే మీద కనపడిన బోర్డు చూసి ఆ పేరు పెట్టుకుంది. పాట హక్కులు వాళ్ళమ్మకి కానుకగా రాసిచ్చింది.

తర్వాత చిక్కు వచ్చిపడింది. ఎల్పీ రికార్డుకి ఒక్కో వైపు పట్టే సమయం తక్కువ. ఎక్కువ పాట ఎక్కించాలంటే దాని మీది గాడులు సన్నబడతాయి, సౌండ్ పలచబడుతుంది. ఈ పాట పొడుగు. తీసేయాలని నిర్ణయించారు, దాని స్థానంలో ఆమెదే ఇంకో చిన్న పాట "ఐ డోంట్ వాంట్ టు నో" పెట్టారు. ఆ కబురు బ్యాండ్ డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ ఆమెని పార్కింగ్ స్థలంలోకి పిలిచి చెప్పాడు. ఆమె అక్కడే అరిచి గోల పెట్టింది. చివరికి ఆ పాట ఎక్కడికి చేరిందో తెలుసా? "గో యువర్ ఓన్ వే" సింగిల్ వెనకవైపుకి. ఆయన తనని తిట్టిన పాటకి ఆమె జవాబు బి-సైడ్ అయింది.

"రూమర్స్" కోట్లలో అమ్ముడైంది. అందులో తన బెస్ట్ పాట లేదు. 1991లో "టైమ్‌స్పేస్" తయారవుతుంటే ఆమె అడిగింది, ఇప్పుడైనా ఆ పాట నా సంకలనంలో పెట్టుకుంటానని. మిక్ ఒప్పుకోలేదు. బ్యాండ్ బాక్స్ సెట్ కోసం దాచుకున్నాడు, అది 1992లో వచ్చింది. ఆమె బ్యాండ్ వదిలేసింది. గొడవలూ అలసటా ఇంకా ఉండి ఉంటాయి, కానీ తెగిపోయింది ఇక్కడే.

1997లో అందరూ మళ్ళీ కలిసి "ది డాన్స్" అనే లైవ్ ఆల్బమ్ చేసినప్పుడు ఆ పాట లైవ్‌లో పాడారు. చివరి నిమిషంలో ఆమె తలతిప్పి బకింగ్‌హామ్‌ని నేరుగా చూస్తూ పాడుతుంది, ఆయనా కళ్ళు తిప్పుకోడు. ఆ లైవ్ రికార్డింగ్‌కి గ్రామీ నామినేషన్ వచ్చింది. 2004లో "రూమర్స్"ని మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పాటని ఆల్బమ్ మధ్యలో చేర్చారు. 2007లో "క్రిస్టల్ విజన్స్" ఆరో ట్రాక్‌గా స్టూడియో వెర్షన్ వచ్చింది. అంటే రాసినావిడ సొంత సంకలనంలోకి రావడానికి 30 ఏళ్ళు పట్టింది. నేను ఈ సంకలనానికి ఓటేయడానికి ఇదే అసలు కారణం.

పాతరికార్డు
స్వరఝరి గారూ, కథ చక్కగా చెప్పారు. కానీ నా వాదన మారదు. సిల్వర్ స్ప్రింగ్స్ లేకపోవడం "టైమ్‌స్పేస్" నేరం కాదు, అడిగి కాదనిపించుకున్న సంకలనమది. అది లేని ఖాళీతో సహా ఆ డిస్క్ ఆమె జీవితంలో ఆ ఏడాదిని చూపిస్తుంది.

డ్రీమ్స్ రీమిక్స్ సంగతి మాత్రం ఎవరైనా సమర్థించగలరా? ఒరిజినల్‌లో ఉన్నవి దాదాపు రెండే రెండు స్వరమేళాలు (chords). సాసలీటో స్టూడియోలో మిగతావాళ్ళు పనిలో ఉంటే, ఫంక్ గాయకుడు స్లై స్టోన్ వాడే గదిలోకి వెళ్ళి, డ్రమ్ ప్యాటర్న్ ఒకటి పెట్టుకుని కీబోర్డు ముందు పది నిమిషాల్లో రాసింది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌కి అమెరికాలో నంబర్ 1 అయిన పాట అదొక్కటే. ఆ పాట బలమంతా ఆ తక్కువతనంలోనే ఉంది. దానికి క్లబ్ బీట్ తగిలించి, అదే సంకలనంలో అసలు పాట పెట్టకపోవడం ఏంటి? పైగా సంకలనం పేరు వచ్చింది ఆ పాటలోని మాటల నుంచే!

బీట్‌కోట
నేను సమర్థిస్తాను. డీప్ డిష్ అనే డీజేల ఆ రీమిక్స్ కోసం ఆమె మళ్ళీ స్టూడియోకి వెళ్ళి కొత్తగా పాడింది. పాత టేపు కోసి అతికించిన సరుకు కాదది. 55 దాటిన గాయని డాన్స్ మ్యూజిక్ కుర్రాళ్ళతో కూర్చుని తన పాటని మళ్ళీ పాడటం ఆమె కెరీర్‌లో భాగమే కదా, సంకలనంలో ఎందుకు ఉండకూడదు? ఒరిజినల్ కూడా పెట్టి ఉంటే బాగుండేది, అంతవరకు ఒప్పుకుంటాను.

సింథ్ (సింథసైజర్ కీబోర్డు) అంటే ఆమెకి కొత్తా? స్టాండ్ బ్యాక్ వినండి. 1983, ఆమె పెళ్ళి రోజు. కారులో వెళ్తుంటే రేడియోలో ప్రిన్స్ "లిటిల్ రెడ్ కార్వెట్" వచ్చింది. దాంతోపాటు హమ్ చేస్తూ తన సొంత ట్యూన్ ఒకటి అల్లుకుంది, ఆ రాత్రే డెమో (నమూనా రికార్డింగ్) చేసింది. రికార్డింగ్ అప్పుడు ప్రిన్స్‌కి ఫోన్ చేసి, మీ పాట మీద కట్టుకున్న పాట ఇది అని నిజం చెప్పేసింది. ఆయన స్టూడియోకి వచ్చి, సింథ్ వాయించి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. ఆల్బమ్ మీద ఆయన పేరు వాయిద్యకారుడిగా లేదు. అమెరికాలో 5వ స్థానం దాకా వెళ్ళింది. ఆ కీబోర్డు గుద్దులు తీసేస్తే పాటలో సగం ప్రాణం పోతుంది.

లోగొంతు
అందరూ పాటల ఎంపిక గురించి మాట్లాడుతున్నారు, నేను గొంతు గురించి మాట్లాడతాను. సుదీర్ఘ కెరీర్ సంకలనాన్ని నేను వినేదే అందుకు.

1970ల గొంతులో కొంచెం ముక్కు ధ్వని, సన్నని వణుకు, పైస్థాయికి వెళ్ళేటప్పుడు గీరుకున్నట్టు ఒక బొంగురు. రియానన్ లైవ్ రికార్డింగుల్లో పాట చివర ఆమె దాదాపు కేకలు పెడుతుంది, రాగం ఎక్కడ ఆగిందో అరుపు ఎక్కడ మొదలైందో తెలియదు. గొంతుని అలా వాడితే మూల్యం చెల్లించాల్సిందే. తర్వాత కొకెయిన్. 1986లో దానికి చికిత్స తీసుకుని బయటపడింది. అప్పుడు ఒక డాక్టరు మళ్ళీ వ్యసనంలో పడకుండా అని క్లోనోపిన్ అనే మాత్ర రాశాడు. అది దానికన్నా ఘోరంగా పట్టేసింది. దాదాపు ఎనిమిదేళ్ళు పోయాయి. 1993 చివర్లో ఆసుపత్రిలో చేరి 47 రోజులు నరకం అనుభవించి మానేసింది. ఆ ఎనిమిదేళ్ళూ వెనక్కి రావని, ఆ డాక్టర్ని క్షమించలేనని ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది.

"క్రిస్టల్ విజన్స్"లో ల్యాండ్‌స్లైడ్ మెల్‌బోర్న్ లైవ్ వెర్షన్ వినండి. గొంతు బాగా కిందికి దిగింది, ముక్కు ధ్వని ఛాతీలోకి జారింది. పైకి ఎగరాల్సిన చోట ఆమె ఎగరదు, అక్కడ రాగాన్ని కొద్దిగా వంచి కింది స్వరం మీద నిలబడుతుంది. ఇది చేతకానితనం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. వయసు మీద పడటం గురించి, మార్పుకి భయపడటం గురించి పాతికేళ్ళ పిల్ల ఆస్పెన్ కొండల్ని చూస్తూ రాసిన పాట అది. యాభై దాటాక అదే మాటలు పాడుతుంటే ఊహ కాస్తా అనుభవం అయిపోయింది. లైవ్ వెర్షన్ ఎందుకు పెట్టారని మీరు అడిగారు కదా స్వరఝరి గారూ, ఈ ఒక్క పాటకి అదే సరైన ఎంపిక.

గిటార్‌తీగ
లోగొంతు గారి మాటకి వంద లైకులు.

నీలిమేఘం గారికి ఒక మాట, "ఎన్‌చాంటెడ్" గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు. 46 ట్రాక్‌లు. మొదటిసారి వినేవాళ్ళకి కాదు, పిచ్చి పట్టినవాళ్ళకి. సినిమాలకి ఇచ్చిన పాటలు, బి-సైడ్లు, కెన్నీ లాగిన్స్‌తో డ్యూయెట్, జాన్ స్టీవర్ట్ పాటలో ఆమె గొంతు ఇవన్నీ ఒక చోట దొరుకుతాయి. 1973 "బకింగ్‌హామ్ నిక్స్" ఆల్బమ్ నుంచి "లాంగ్ డిస్టెన్స్ విన్నర్" కూడా ఉంది. ఆ ఆల్బమ్ అప్పట్లో అమ్ముడుపోలేదు, దశాబ్దాల పాటు సీడీగా రాలేదు, 2025లో గానీ సరిగ్గా మళ్ళీ విడుదల కాలేదు. అన్నేళ్ళూ చాలామందికి ఆ పాట మంచి క్వాలిటీలో వినాలంటే ఈ బాక్సే దిక్కు. మూడో డిస్కు చివర రియానన్ ఒంటరిగా పియానోతో ఉంటుంది. బ్యాండ్ లేదు, డ్రమ్స్ లేవు. ఆ పాట అసలు ఎముకలు అక్కడ కనిపిస్తాయి.

మౌనగీతం
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. గాయని పేరు మీద సంకలనం వేస్తే పక్కవాళ్ళు మాయమైపోతారు. షారన్ సెలాని, లోరీ పెర్రీ పేర్లు ఇంతవరకు ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు చూడండి. 1981 "బెల్లా డొన్నా" నుంచి ఆమె వెనక నిలబడి పాడినవాళ్ళు వాళ్ళు. ఎడ్జ్ ఆఫ్ సెవెంటీన్ కోరస్‌లో మనల్ని కుదిపేసేది ఒక్క గొంతు కాదు, మూడు ఆడగొంతులు బిగించి కట్టిన కట్ట. అదే ఆల్బమ్‌లో పియానో రాయ్ బిట్టన్, ఆర్గన్ బెన్మాంట్ టెంచ్. "స్టాప్ డ్రాగిన్ మై హార్ట్ అరౌండ్" అయితే రాక్ గాయకుడు టామ్ పెటీ, ఆయన గిటారిస్టు మైక్ క్యాంప్‌బెల్ రాసిన పాట, వాయించింది పెటీ బ్యాండే. నిర్మాత జిమ్మీ అయోవీన్ ఆ పాట ఇప్పించకపోయి ఉంటే ఆమె మొదటి సోలో హిట్ ఏమయ్యేదో. ఇవన్నీ పాట పక్కనే రాసి ఉంచే సంకలనం కావాలి నాకు. యాప్‌లలో వింటే ఈ పేర్లు అసలు కనపడవు.

పాతరికార్డు
మౌనగీతం గారూ, నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే నేను బుక్‌లెట్ బుక్‌లెట్ అని మొత్తుకునేది.

లోగొంతు
ఇంకో లోటు కూడా చెప్పాలి. 1994 "స్ట్రీట్ ఏంజెల్" నుంచి "క్రిస్టల్ విజన్స్"లో ఒక్క పాటా లేదు. ఆ ఆల్బమ్ చేసినప్పుడు ఆమె మాత్రల మత్తులో ఉంది, బయటికి వచ్చాక విని తనకే నచ్చలేదు. అర్థం చేసుకోగలను. కానీ కెరీర్ మొత్తం అని చెప్పుకునే సంకలనం గొంతు కిందపడ్డ రోజుల్ని దాచేస్తే, 2001లో "ట్రబుల్ ఇన్ షాంగ్రి-లా"తో లేచి నిలబడటం ఎంత పెద్ద విషయమో వినేవాళ్ళకి తెలియదు. ఆ ఒక్క విషయంలో "ఎన్‌చాంటెడ్" నిజాయితీగా ఉంది, "స్ట్రీట్ ఏంజెల్" పాటలకీ చోటిచ్చింది.

స్వరఝరి
లోగొంతు గారూ, 2001 ఆల్బమ్ పేరెత్తారు కాబట్టి చెప్తాను. "క్రిస్టల్ విజన్స్"లో ఆ ఆల్బమ్ పాటలు రెండున్నాయి, సోర్సరర్, ప్లానెట్స్ ఆఫ్ ది యూనివర్స్. రెండూ 1970ల్లో రాసినవే! ప్లానెట్స్ "రూమర్స్" రోజుల డెమో. సోర్సరర్‌ని 1984లో ఒక సినిమా కోసం వేరే గాయనికి ఇచ్చేసి, చివరికి షెరిల్ క్రో నిర్మాతగా తను పాడుకుంది. 2014లో వచ్చిన "24 క్యారట్ గోల్డ్" కూడా అంతే, ఎక్కువగా 1969 నుంచి 1987 మధ్య రాసి పక్కన పెట్టిన పాటల్ని నాష్‌విల్‌లో కొత్తగా రికార్డ్ చేసింది.

నా మనసులో మాట ఇది. మనందరం ఆమె గొంతు గురించి, షాల్స్ గురించి, విడిపోవడాల గురించి మాట్లాడతాం. ఆమె ముందు రచయిత్రి. విడుదల తేదీల ప్రకారం పేర్చితే ఆ సంగతి కనపడదు. రాసిన తేదీల ప్రకారం సంకలనం చేయాలి. అప్పుడు సోర్సరర్, ల్యాండ్‌స్లైడ్, ప్లానెట్స్, సిల్వర్ స్ప్రింగ్స్ ఒక దాని పక్కన ఒకటి వస్తాయి, ఒకే అమ్మాయి నాలుగైదేళ్ళలో ఎన్ని రాసిందో, అందులో ఎన్నింటికి ఎల్పీ మీద చోటు దొరకలేదో బయటపడుతుంది. ముగ్గురు రచయితలున్న బ్యాండ్‌లో ఒక్కొక్కరికి ఆల్బమ్‌కి మూడు నాలుగు పాటలే వాటా. సోలో కెరీర్ పుట్టింది కూడా ఆ ఇరుకులోంచే. 1981లో "బెల్లా డొన్నా" అమెరికాలో నంబర్ 1 అయింది, అందులోనూ పాత నోట్‌బుక్కుల్లోంచి తీసినవి ఉన్నాయి.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1998లో బ్యాండ్‌తో, 2019లో ఒంటరిగా వెళ్ళింది, రెండుసార్లు చోటు దక్కిన మొదటి మహిళ. ఇంత చేసిన మనిషి మీద 2007 తర్వాత పాటల్ని కూడా కలుపుకుని, సరైన నోట్స్‌తో, రాసిన క్రమంలో పేర్చిన పెట్టె ఒకటి రావాలి.

బీట్‌కోట
రాసిన క్రమం అంటే మంచిదే, కానీ ఒకేలాంటి నెమ్మది పాటలు వరసగా పడితే వినేవాళ్ళు సగంలో ఆపేస్తారు. సోర్సరర్ 2001 సౌండ్, దాని పక్కన 1976 టేప్. చెవికి గతుకులుగా ఉంటుంది.

స్వరఝరి
గతుకులు ఉండనివ్వండి. డెమోలు ఉన్న చోట డెమోలే వాడాలి, ప్లానెట్స్ పాత పియానో డెమో ఇప్పటికే "రూమర్స్" రీఇష్యూలో వచ్చింది కదా.

నీలిమేఘం
అందరికీ థాంక్స్. సిల్వర్ స్ప్రింగ్స్ స్టూడియోదీ, 1997 లైవ్‌దీ రెండూ వెంటవెంటనే విన్నాను. స్టూడియోలో పాడుతున్న అమ్మాయికి ఇంకా ఆశ ఉన్నట్టుంది. లైవ్‌లో పాడుతున్న ఆవిడకి జవాబు అక్కర్లేదు, ఆయన విన్నాడని తెలిస్తే చాలు. నాకైతే లైవ్‌దే సంకలనంలో ఉండాల్సింది అనిపించింది. లోగొంతు గారు ల్యాండ్‌స్లైడ్ గురించి చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది కదా? ఇక ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?

లోగొంతు
వర్తిస్తుంది. కానీ ఈ పాట విషయంలో స్టూడియో వెర్షన్ ఉండాల్సిందే అంటాను. బి-సైడ్‌గా విసిరేసింది ఆ రికార్డింగ్‌నే, కాబట్టి తిరిగి ఇంటికి రావలసిందీ అదే.

ఆల్బమ్ అంటే "బెల్లా డొన్నా"తో మొదలుపెట్టండి, వరస మార్చకుండా వినండి. ఆ తర్వాత "ది వైల్డ్ హార్ట్", అందులో చివరి పాట "బ్యూటీ అండ్ ది బీస్ట్" మాత్రం హెడ్‌ఫోన్స్‌లో. పాల్ బక్‌మాస్టర్ రాసిన స్ట్రింగ్స్ ఉంటాయి, ఫోన్ స్పీకర్లో సగం వినపడవు.

పాతరికార్డు
"టైమ్‌స్పేస్" పాత సీడీ ఎక్కడైనా దొరికితే, కొనేముందు బుక్‌లెట్ లోపల ఉందో లేదో చూసుకోండి నీలిమేఘం గారూ. చాలా వాటిలో పోయి ఉంటుంది.